ఆవు ఏమిస్తుంది?

పోయిన వారం జ్యోత్స్నను చర్లలో మొదటి బస్సు ఎక్కించి ఆగాం. ఒళ్లో సంచి ఉంది, సంచిలో తిరిగొచ్చిన రిపోర్టు ఉంది, టిఫిన్ కూడా తినని కడుపులో కోపం ఉంది. ఇప్పుడు ఆ బస్సు భద్రాచలం వంతెన దాటింది. అది ఖమ్మం చేరేలోగా, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవారికి సంగతి చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

జ్యోత్స్న ముదిగొండ వైపు ఒక తండా పిల్ల. తండ్రి భీమ్లాకు మూడెకరాల పత్తి చేను, రెండు ఆవులు. ఖమ్మంలో మనోదర్శిని అనే పీజీ స్టడీ సెంటర్‌లో ఎం.ఏ. సైకాలజీ చదివి, ఏడాదిగా చర్ల అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో కౌన్సెలర్‌గా పనిచేస్తోంది. ఆ బడిలో ఆరో తరగతిలో సోడి ఉంగి అనే కోయ పిల్ల ఉంది. రెండేళ్ల కింద, ఆ పిల్ల నాలుగో తరగతిలో ఉండగా, భద్రాచలంలో ఒక ట్రస్టు క్యాంపు పెట్టి తెలివితేటల పరీక్ష చేసింది. బుద్ధిమాంద్యం, అరవై శాతం అని కాగితం ఇచ్చింది. ఆ కాగితం ఇన్నాళ్లూ హెడ్మాస్టరు గారి బీరువాలో పడి ఉండి ఈ నెలలో బయటికి వచ్చింది. రేపు, అంటే సోమవారం పొద్దున, ట్రస్టు జీపు వచ్చి ఉంగిని హనుమకొండలో ఉన్న తమ హోముకు తీసుకుపోతుంది. అక్కడ కొవ్వొత్తులు పోయడం నేర్పుతారట. తరగతులు, పుస్తకాలు ఏమీ ఉండవు. తండ్రి మంగయ్య చేత వేలిముద్ర కూడా వేయించుకున్నారు. ఏ కాగితం మీద వేస్తున్నాడో అతనికి ఎవరూ చదివి వినిపించలేదు.

జ్యోత్స్న మూడు రోజులు కూర్చుని ఉంగిని మళ్లీ పరీక్షించింది. కోయ మాట తెలిసిన మనిషి కావాలని బడి వంటమనిషి గురవమ్మను పక్కన పెట్టుకుంది. పిల్ల చక్కగా ఉంది, వయసుకు తగ్గ తెలివి ఉంది, ఆనాడు రాని తెలుగులో అడగడమే తప్పు అని ఆరు పేజీల రిపోర్టు రాసింది. ట్రస్టు దాన్ని ఒక్క వాక్యంతో తిప్పి పంపింది. సంతకం చేసినవారు రిజిస్టర్డ్ క్లినికల్ సైకాలజిస్టు కారు కనుక పరిశీలించలేము.

ఆ వాక్యం అబద్ధం కాదు. ఇన్నాళ్లూ దాన్ని తనకు చెప్పకుండా దాచారని జ్యోత్స్నకు మంట. ఎం.ఏ. సైకాలజీ చదివితే సైకాలజీ వస్తుంది. మనిషిని పరీక్షించి, ఆ మనిషికున్న జబ్బుకో లోపానికో పేరు పెట్టి, కింద సంతకం చేయాలంటే మాత్రం పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలి. అందరూ ఆర్.సి.ఐ. అనేది దాన్నే. ఆ పేరు ఎక్కాలంటే మండలి గుర్తించిన కోర్సు చేయాలి, ఆసుపత్రిలో పెద్దల కళ్లముందు రోగుల మధ్య పనిచేయాలి. మొన్నటిదాకా అది ఎం.ఏ. తరవాత ఇంకో రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఎం.ఫిల్‌ను పక్కనపెట్టి మండలి గుర్తింపుతో కొత్త పీజీ కోర్సులు తెస్తున్నారు. ఏ చోటైనా వేళ్ల మీద లెక్కపెట్టే సీట్లే. ఇదంతా ఎవరైనా పది నిమిషాల్లో చెప్పగలిగిన ముక్క. జ్యోత్స్నకు అడ్మిషన్ రోజున ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే, మనోదర్శిని డైరెక్టరు బాబూరావు చెప్పలేదు. ఆయన పక్క తండా మనిషే, భీమ్లాకు వరసకు తమ్ముడు.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వెళ్దాం. రిపోర్టు తిరిగి రాకముందే జ్యోత్స్న తనంతట తాను తెలుసుకుని హైదరాబాదులో అలాంటి గుర్తింపు ఉన్న రెండేళ్ల కోర్సుకు పరీక్ష రాసింది. సీటు వచ్చింది. గురువారం సర్టిఫికెట్లు చూపించాలి. అందులో పాత సెంటర్ ఇచ్చే ప్రవర్తన సర్టిఫికెట్ ఒకటి. దాని మీద బాబూరావు సంతకం ఉండాలి.

బస్సు పాల్వంచ దాటుతుండగా ఆమెకు గురవమ్మ మాట గుర్తొచ్చింది. ఆ మూడో రోజు పరీక్షలో క్యాంపు వాళ్లు వాడిన ప్రశ్నల పుస్తకమే తీసింది. ఆవు మనకేమిస్తుంది అని గురవమ్మ చేత కోయలో అడిగించింది. ఉంగి తడుముకోకుండా జవాబు చెప్పింది. గురవమ్మ నవ్వింది.

"దూడనిస్తది అంటంది మేడం."

"పాలు అనదా?"

"పాలు మనకెందుకిస్తది? మా గూడెంల ఆవును పిండరు. పాలు దూడవి. దాని నోటికాడిది మనం తీసుకుంటే పాపం కాదా?"

"మరి పుస్తకంల పాలు అంటేనే మార్కు అని ఉన్నది గురవమ్మా."

"ఆ పుస్తకం రాసినోళ్లు దూడల్ని చూడలేదేమో."

జ్యోత్స్న ఆ జవాబుకు పూర్తి మార్కు వేసింది. తరవాత ఒక ప్రశ్నకు ఉంగి నిజంగానే తప్పు చెప్పింది, దానికి సున్నా పెట్టి నడుమ అడ్డంగా గీత గీసింది. సున్నాకు గీత ఎందుకని గురవమ్మ అడిగింది. ఎవరూ దాన్ని ఆరో తొమ్మిదో చేయకుండా తండా బడిలో లెక్కల సారు నేర్పిన అలవాటు అని చెప్పింది. గురవమ్మ ఆ గీతను వేలితో తాకి చూసి, "మా వాడికి గూడ గిట్లనే సున్నలు వచ్చినయంట, మూడు" అంది.

వాడు అంటే కొడుకు వీరేందర్. రెండేళ్లుగా హనుమకొండ హోములోనే ఉన్నాడు. తల్లి రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. మొదటిసారి ఏడ్చాడు. రెండోసారి ఏడవలేదు, మాట్లాడనూ లేదు. "వాడికి నిజంగనే తెలివి తక్కువ మేడం, చదువుకున్నోళ్లు చూసి చెప్పిండ్రు. ఉంగి గట్ల కాదు, ఉంగిని పోనియ్యకు" అంది గురవమ్మ. అప్పుడే జ్యోత్స్న ఆ మాట అంది, పోయిన వారం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఉంగి జవాబు పత్రం మీద సున్నాలు పెట్టిన మనిషిని పట్టుకుని, నీకు చెయ్యెట్లా వచ్చిందని మొహం మీద అడగాలె అని.

ఖమ్మంలో దిగేసరికి పదకొండు దాటింది. మనోదర్శిని మెట్ల దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఉన్నది జ్యోత్స్నే. ఫేర్‌వెల్ రోజు తీసిన ఫోటో. ముఖం ఆమెది, మెడ కింద తెల్లకోటు ఆమెది కాదు. ఫ్లెక్సీ కొట్టినవాడు ఎక్కడిదో తెచ్చి అతికించాడు. ఆ కోటుకు తగిలించిన స్టెతస్కోపును చూస్తే సైకాలజీ అంటే గుండె చప్పుడు వినడం అనుకోవాలి. కింద ఎర్ర అక్షరాలు: మా విద్యార్థిని, నేటి క్లినికల్ సైకాలజిస్టు. జ్యోత్స్న ఒక నిమిషం నిలబడి చదివి మేడెక్కింది.

పైన హాలు నిండుగా ఉంది. కొత్త బ్యాచ్ అడ్మిషన్లకు ముందు పెట్టే సమావేశం అది. డిగ్రీ ముగించిన పిల్లలు, పక్కన అమ్మానాన్నలు. కల్లూరు వైపు రైతులు, ఇల్లందు, కొత్తగూడెం గనుల్లో పనిచేసేవాళ్లు, ఆదివారం పని మానుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. బాబూరావు మైకు పట్టుకుని తెర మీద ఒక మెట్ల బొమ్మ చూపిస్తున్నాడు. కింది మెట్టు డిగ్రీ, నడిమి మెట్టు ఎం.ఏ., పై మెట్టు క్లినిక్కు. ఆ నడిమి మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ఉన్న గొయ్యి బొమ్మలో లేదు.

"డిగ్రీ ఏదైనా ఫికరు లేదు" అంటున్నాడు. "రెండేళ్లు, శని ఆదివారాలు క్లాసులు. ఇంటికాడనే ఉండి చదువుకోవచ్చు. బయటికొచ్చినంక మీ పిల్లలు మనసు డాక్టర్లు."

మూడో వరుసలో ఒకాయన లేచాడు. పేరు పూల్‌సింగ్, ఇల్లందు గనిలో పని. పక్కన కూతురు రోజారాణి తల వంచుకుని కూర్చుంది, తండ్రి లేచినందుకు సిగ్గు.

"సార్, దీనికి గుర్తింపు ఉంటదా?"

"యూనివర్సిటీ డిగ్రీ అయ్యా. గుర్తింపు లేకుంటే ఎట్లుంటది?" బాబూరావు నవ్వి హాలు వెనక్కి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ జ్యోత్స్న కనిపించింది. ఆయన ముఖం వెలిగింది. పాపం, ఆ క్షణంలో నిజంగానే సంతోషించాడు. "ఇగో, ఫోటోల చూసిన పిల్ల మనిషిగ వచ్చింది. రా బిడ్డా, ముందటికి రా. నువ్వే చెప్పు వీళ్లకు."

మైకు ఆయనే ఆమె చేతికిచ్చాడు.

"నా పేరు జ్యోత్స్న" అంది. "కింద ఫ్లెక్సీల ఉన్నది నేనే. ఆ కోటు నాది కాదు. కోటు కింద రాసిన ఉద్యోగం గూడ నాది కాదు. నేను ఆశ్రమ బడిల కౌన్సెలర్‌ను. పిల్లలతోని మాట్లాడుత, ఏడిస్తే కూసోబెట్టుకుంట. అది నాకొచ్చు. క్లినికల్ సైకాలజిస్టును మాత్రం కాదు. ఈ చదువుతోని కాలేను."

బాబూరావు నవ్వు అలాగే ఉంచి మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. పూల్‌సింగ్ వైపు తిరిగింది.

"పెద్దయ్యా, మీరు డిగ్రీకి గుర్తింపు ఉన్నదా అని అడిగిండ్రు. ఉన్నది. ఇంకో మాట అడుగుండ్రి. ఈ డిగ్రీ ఒక్కదానితోని మా బిడ్డ పేరు ఆర్.సి.ఐ. రిజిస్టర్ల ఎక్కుతదా అని."

పూల్‌సింగ్ ఆమె చెప్పినట్టే, ఒక్కో మాట విడివిడిగా పలుకుతూ అడిగాడు. బాబూరావు గొంతు సవరించుకున్నాడు.

"దానికి తర్వాత వేరే కోర్సు ఉంటది. ఇష్టం ఉన్నోళ్లు చేసుకోవచ్చు."

"అంటే ఎక్కదు" అన్నాడు పూల్‌సింగ్.

"ఇష్టం ఉన్నోళ్లు అంటున్నడు సారు" అంది జ్యోత్స్న. ఇప్పుడు ఆమె గొంతులో కోపం దాగలేదు. "ఇష్టం కాదు, అది లేకుంటే సంతకం చెల్లదు. నాకు రెండేళ్లల్ల ప్రాక్టికల్స్ ఎన్ని రోజులో తెలుసా? ఒక్క రోజు. భద్రాచలంల ఒక క్యాంపు, ఉత్త ప్రాక్టీసు పేపర్ల మీద. రిజిస్టర్ల పేరున్న ఉషారాణి మేడం నెలకొకసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేది, మాకు ఆమె గొంతు గూడ సరిగ్గ యాదికి లేదు. ఆమె సంతకంతోనే ఉంగి అనే పిల్లకు తెలివి లేదని కాయితం ఇచ్చిండ్రు. పదకొండేళ్ల పిల్ల. రేపు పొద్దుగాల దాన్ని బడిలకెల్లి తీసుకపోతరు. ఆ పిల్లకు తెలివున్నదని నేను రాస్తే చెల్లదు. తెలివి లేదన్న కాయితం చెల్లుతది. ట్రస్టు కోసం ఆ పరీక్షలు నడిపింది ఈ సెంటరే, ఆ జవాబు పత్రం ఈ బిల్డింగుల ఉన్నది. నాకది కావాలె."

ఎవరో వెనక వరుసలో కుర్చీ జరిపారు. రోజారాణి తలెత్తి ఫ్లెక్సీ బొమ్మకూ ఎదుట ఉన్న మనిషికీ పోలిక చూస్తున్నట్టు చూసింది. పూల్‌సింగ్ అప్లికేషన్ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, కానీ లేచి వెళ్లలేదు. ఆ పత్రం సంగతి తేలేదాకా చూద్దామన్నట్టు కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ కదల్లేదు.

బాబూరావు మైకు స్విచ్ ఆపి, "లోపటికి రా" అన్నాడు.

ఆఫీసు గదిలోకి వచ్చాక ఆయన తమ తండా మాట లంబాడీలోకి మారాడు. అన్న బిడ్డవని మైకిస్తే నలుగురిలో పరువు తీస్తావా అన్నాడు. ఆమె తెలుగు వదల్లేదు. వదిలితే తను అన్న బిడ్డ అయిపోతుందని, అయిపోతే తల వంచాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

"పత్రం ఇయ్యి కాకా."

"కూసో ముందుగాల." ఆయన కూడా తెలుగులోకి వచ్చాడు. "మన తండాలల్ల పీజీ చదివిన ఆడపిల్లలు ఎంతమంది? నువ్వు, ఇంకా ఇద్దరు. హైదరాబాద్ పోయి రెండేళ్లు హాస్టల్ల ఉండి చదువుకుంట అంటే మీ నాయిన పంపుతుండెనా?"

"పంపకపోయేటోడు."

"మరి? ఇంటి ముందటికి చదువు తెచ్చిన. తప్పా?"

"చదువు తెచ్చింది తప్పు కాదు. ఇది ఎంతవరకు చదువో చెప్పకపోవుడు తప్పు. కౌన్సెలర్ అయితరు అని రాస్తే ఎవరొద్దన్నరు? నేను వచ్చేదాన్ని. గీ కోటెందుకు తొడిగినవ్?"

బాబూరావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరవాత మెల్లగా, బేరమాడే మనిషిలా కాకుండా నిజంగా బుద్ధి చెబుతున్నట్టే మాట్లాడాడు. అందుకే ఆ మాటలు వింటే ఇంకా ఒళ్లు మండుతుంది.

"విను. గురువారం నీకు సర్టిఫికెట్లు కావాలె గద. ఇప్పుడే రాసిస్త. పోయి ఆ మంచి కోర్సు చదువుకో. రెండేళ్లయితే నీ పేరు రిజిస్టర్ల ఎక్కుతది. అప్పుడొచ్చి నీ సంతకంతోని ఎంతమంది ఉంగులనన్న కాపాడుకో. ఇయ్యాల మాత్రం ఆ కాయితం అడగకు."

"జీపు రేపొస్తది కాకా."

"చూస్తే నీకే మంచిది కాదు."

"నాకు మంచిది కాకపోతే పాయె. సున్నలు పెట్టినోళ్లు ఎవరో నేను చూడాలె."

బాబూరావు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలిలాంటిది ఉంది. అది ఆమెకు అర్థం కాలేదు. బీరువా తెరిచి, కింది అరలోంచి ట్వైను దారంతో కట్టిన ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"చదువుకో. చదివినంక మైకు కావాలంటే మళ్ల నేనే ఇస్త."

ఆమె దారం విప్పింది. మొదటి పత్రమే ఉంగిది. సోడి ఉంగి, తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, తండ్రి మంగయ్య. కింద ప్రశ్నలు, పిల్ల చెప్పిన జవాబులు, పక్కన మార్కుల గడి. ఆమె వేలు పెట్టి చదివింది.

ఆవు మనకేమిస్తుంది? దూడ.

వాన పడితే తల మీద ఏం పెట్టుకుంటావు? టేకాకు.

సంతలో దారి తప్పితే ఏం చేస్తావు? పోలీసులకు కనపడకుండ ఇంటికి పోత.

పాలు అనాలి, గొడుగు అనాలి, పోలీసుకు చెప్తాను అనాలి. వరసగా మూడు తప్పితే పరీక్ష అక్కడితో ఆపేయాలి, అది పుస్తకంలోని నియమం. ఆపేశారు. మిగిలిన పేజీ అంతా ఖాళీ. గూడెం చుట్టూ పోలీసు క్యాంపులున్న చోట బతికే తొమ్మిదేళ్ల పిల్ల, వచ్చీరాని తెలుగులో, మూడు ప్రశ్నలకూ తన బతుకులో ఉన్న జవాబు ఉన్నట్టుగా చెప్పింది. మూడింటికీ సున్నాలు.

మూడు సున్నాలకూ నడుమ అడ్డంగా గీత ఉంది.

జ్యోత్స్న ఆ గీతలను చూసింది. ముందు ఇంకెవరికో కూడా ఆ అలవాటు ఉందేమో అనుకుంది. తరవాత అక్షరాలు చూసింది. దూడ అన్న మాటలో డ తోక కిందికి సాగి పక్క గీతను తాకుతోంది. తను ఉంగి కోసం రాసిన ఆరు పేజీల్లోనూ ఆ డ అలాగే ఉంది. సంచిలోంచి రిపోర్టు తీసి పక్కన పెట్టి చూడాల్సిన పని లేదు. అయినా తీసి పెట్టి చూసింది.

"ఇది ప్రాక్టీసు పేపరు" అంది. "మేం రాసినయి ప్రాక్టీసు పేపర్లు. అసలు పరీక్ష మర్నాడు ఉషారాణి మేడం చేస్తదని చెప్పి మమ్మల్ని బస్సెక్కించిండ్రు."

"మేడం రాలే" అన్నాడు బాబూరావు. "మర్నాడు రాలే, ఆ వారం రాలే. ట్రస్టోళ్లు జల్దీ అన్నరు. మీరు రాసిన పేపర్లే పంపిన. ఆమె ఇంట్ల కూసొని సంతకాలు పెట్టింది."

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. మార్చి ఎండ, రేకుల షెడ్డు, బయట బారులు తీరిన పిల్లలు. తనకు జలుబు, చున్నీ ముక్కుకు కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం మూడు గంటల బస్సు అందుకోవాలని అందరూ తొందరపడ్డారు. ఒక్కో పిల్లకు పది నిమిషాలు. ఏ పిల్ల ముఖమూ గుర్తు లేదు. దూడ అన్న జవాబు మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. అది విని నవ్వు వచ్చింది. తండాలో పుట్టిన పిల్లకు ఆవు అంటే తెల్లారి చెంబు కింద పెట్టి కూర్చునే అమ్మ, చల్ల, నెయ్యి. ఆవు ఏమిస్తుందంటే పాలు అని తెలియని పిల్ల ఈ భూమ్మీద ఉంటుందని ఆమెకు అనిపించలేదు. ఆ పుస్తకం రాసిన పట్నంవాడు పాలు అని రాశాడు, పట్నం ఎరగని భీమ్లా కూతురూ అదే అనుకుంది. ఇద్దరికీ పొరపాటుగా కూడా అనుమానం రాలేదు.

ఈ నెలంతా ఆమె కోపం ఎక్కడెక్కడికో పోయింది. ట్రస్టు మీదికి, హెడ్మాస్టరు మీదికి, ఉషారాణి మీదికి, ఈ గదిలో అద్దాలు తుడుచుకుంటున్న కాకా మీదికి. వాళ్లెవరూ తప్పించుకోలేదు, ఇప్పటికీ వాళ్ల తప్పు వాళ్లదే. నేర్పకుండా పంపినవాడు, చూడకుండా సంతకం పెట్టినావిడ, చదవకుండా నమ్మినవాళ్లు, అందరూ ఉన్నారు. కానీ ఆ మూడు గీతలు గీసిన చెయ్యి తనదే. దాన్ని ఇంకొకరి పేరున రాయడానికి లేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు బాబూరావు. "ఇది బయటపెడితే ఏం రాయాలె? లైసెన్సు లేని పిల్ల, నాకెవరూ చెప్పలేదనుకుంట, పరీక్ష చేసింది అని రాయాలె. నీ పేరు మీద రాయాలె. ఆ కాయితం చూసినంక హైదరాబాదోళ్లు సీటిస్తరా? గందుకే వద్దన్న."

జ్యోత్స్న బల్ల మీద ఉన్న తెల్లకాగితం ఒకటి లాక్కుంది. పెన్ను తీసింది. నేను, భీమ్లా కూతురు జ్యోత్స్న, అని రాసింది. రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. సోడి ఉంగిని ఫలానా రోజున పరీక్షించింది నేను, నాకు ఆ అర్హత లేదు, పిల్లకు రాని భాషలో అడిగాను, సరైన జవాబులకు సున్నాలు పెట్టాను, ఆ పత్రం ఆధారంగా ఇచ్చిన కాగితం చెల్లదు. సంతకం పెట్టింది. ఈ సంతకం చెల్లడానికి ఏ రిజిస్టరూ అక్కర్లేదు, ఎవరి తప్పు వారు ఒప్పుకోవడానికి లైసెన్సు అడిగే మండలి ఇంకా పుట్టలేదు.

"ఎన్ని రాస్తవ్ గట్ల?" అన్నాడు బాబూరావు. "కట్ట మొత్తం చూసినవా?"

అప్పుడు చూసింది. కట్ట అడుగున అట్టముక్క మీద ఆమె పేరు, పక్కన పద్నాలుగు పత్రాలు అని ఉంది. రెండో పత్రం తీసింది. వేరే గూడెం, వేరే పిల్లవాడు. ఆవు మనకేమిస్తుంది? దూడ. గీత గీసిన సున్నా. మూడో పత్రం తీసింది. దూడ. సున్నా. పిల్లలు ఒకరిని చూసి ఒకరు చెప్పినట్టు అందరూ ఒకటే చెప్పారు, వాళ్లంతా ఒకటే నిజం చెబుతున్నారని ఆ రోజు ఆమెకు తట్టలేదు.

మూడో పత్రం పైన పేరు ఆమె చివరికి చదివింది. వీరేందర్, ఎనిమిదేళ్లు. తల్లి గురవమ్మ.

సంచిలో ఫోను మోగింది. ఆమె చూడకుండానే ఎవరో తెలుసుకుంది. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించి, గిన్నెలు కడిగేటప్పుడు చేస్తానని గురవమ్మ పొద్దున్నే చెప్పింది.

"దొరికిందా మేడం కాయితం?"

"దొరికింది."

"ఎవరంట, ఆ సున్నలు పెట్టినోళ్లు?"

"నేనే గురవమ్మా. ఉంగికి సున్నలు పెట్టింది నేనే. ఆ క్యాంపుల నేనున్న."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి మాత్రం పారుతూనే ఉంది. గురవమ్మ తిట్టలేదు.

"రాసినోళ్లే తప్పని రాసిస్తే ఇంక జీపోళ్లేమంటరు మేడం? మంచిదే గద. రాసియ్యి. ఉంగి పోకుంటే సాలు."

"రాసిన. ఇప్పుడే రాసిన." జ్యోత్స్న మూడో పత్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య జారుతోంది. "గురవమ్మా, ఒకటి అడుగుత. వీరేందర్‌ను పరీక్ష చేసిన రోజు నువ్వు పక్కన ఉన్నవా?"

"ఉన్న. షెడ్డు బయట నిలబడి కిటికీలకెల్లి చూసిన. ఎవరో పిల్ల, ముక్కుకు చున్నీ కట్టుకున్నది. మూడే మూడు అడిగి లేపింది." గురవమ్మ కుళాయి కట్టేసింది. "మా వాడు ఏందో చెప్తే నవ్వింది మేడం. ఆ నవ్వు ఎట్లున్నదో నాకు ఇప్పటికీ యాదికున్నది. ఎందుకడుగుతున్నవ్?"